స్టేటస్‌లో సిలువ, సర్టిఫికెట్‌లో హిందూ

(పల్లెలో యువజనుల సాయంకాలపు కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! వందనాలు! జై భీమ్!

ఈ రెండు పలకరింపులూ ఒకే నోటితో అనడం కొందరికి నచ్చదు. మందిరంలో జై భీమ్ అంటే అయ్యగారు మొహం చిట్లిస్తారు. సంఘం మీటింగులో వందనాలు అంటే మన నాయకులే నవ్వుతారు. మేం రెండూ అంటాం. 1941లో 'గబ్బిలం' రాసి అంటరానివాడి ఆకలి చెప్పిన జాషువా, 'క్రీస్తు చరిత్ర' కూడా రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఒకే చెయ్యి రెండూ రాసినప్పుడు, ఒకే నోరు రెండూ అంటే తప్పేముంది?

ఈవేళ మాట్లాడవలసింది ఫోను మీద మన విశ్వాసం చెప్పుకోవడం గురించి. చిన్న సంగతి అనుకోవద్దు. మొన్న ఈస్టరుకి మా పక్కపల్లెలో ఒక పిల్ల బాప్తిస్మం తీసుకుంది. డిగ్రీ చదువుతోంది. ఆ ఇంట్లో అదే మొదటి చదువు. తెల్లచీరతో, తడిజుట్టుతో కాలవ గట్టు మీద నిలబడ్డ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. కింద ఒక్క ముక్క రాసింది: 'ఈరోజు నాకు భయం పోయింది' అని.

పొద్దుగూకేసరికి వాళ్ళ నాన్న రొప్పుకుంటూ మా ఇంటికొచ్చాడు. 'సారూ, దాన్ని తీసెయ్యమని మీరన్నా చెప్పండి. స్కాలర్‌షిప్పు పోద్ది. రేపు ఉద్యోగం పోద్ది. ఊళ్ళోవాళ్ళెవరో ఆ ఫొటో దాచి పెట్టుకున్నారంట' అన్నాడు. పిల్ల తీసేసింది. తీసేసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. 'సార్, నేను ఆయన్ని ఎరగనన్నట్టయింది' అంది. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న మా దగ్గర ఆ మాటకు జవాబు లేకపోయింది. ఎందుకంటే మేమూ ఆ రెండు పేర్ల పిల్లలమే. బడి రిజిస్టరులో ఒక పేరు, మందిరం రిజిస్టరులో ఇంకో పేరు.

ఆ తండ్రి భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. 1950 ఆగస్టు 10న షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా, హిందూమతం కాక వేరే మతం అవలంబిస్తున్నానని చెప్పుకునేవాడు షెడ్యూల్డు కులంవాడు కాడంది. 1956లో సిక్కులను చేర్చుకున్నారు. 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. క్రైస్తవ దళితుణ్ణీ ముస్లిం దళితుణ్ణీ గడప బయటే నిలబెట్టారు.

ఆ 'చెప్పుకోవడం' అనే మాటను పట్టుకోండి. ఇంగ్లీషులో 'ప్రొఫెస్' అని ఉంది. దాని అర్థమేమిటని సుప్రీంకోర్టు దాకా తగాదా వెళ్ళింది. పంజాబ్‌రావు కేసు అది. నాగపూరు వైపు బౌద్ధం తీసుకున్న ఒకాయన ఎన్నిక గురించి. ప్రొఫెస్ చెయ్యడమంటే నలుగురి ముందూ బాహాటంగా ప్రకటించుకోవడమని కోర్టు చెప్పింది. అంటే గుండెలో ఉన్న దేవుడితో ఈ చట్టానికి పేచీ లేదు. నోటి మీదికి వచ్చిన దేవుడితోనే పేచీ.

ఇప్పుడు రాజ్యాంగం ఇరవయ్యైదో అధికరణం తీసి చదవండి. మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. మతాన్ని ప్రొఫెస్ చేసే హక్కు, ఆచరించే హక్కు, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. అదే మాట! ఒకచోట అది హక్కు. మనకాడికి వచ్చేసరికి అదే మాటకు శిక్ష. రెడ్డిగారి అబ్బాయో కమ్మవారి అబ్బాయో సిలువ బొమ్మ పెట్టుకుంటే అతని పొలం పోదు, పలుకుబడి పోదు. మాదిగ పిల్ల పెడితే చదువే పోతుందని తండ్రి వణకాలి.

మన పెద్దలు ఇట్లా దాచుకోలేదు. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ, తిరిగిన ప్రతి పల్లెలోనూ చెప్పాడు. మారినవాళ్ళు చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, జాతరకు డప్పు కొట్టమన్నారు, ఆదివారం పనికి రామన్నారు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది అందుకే. బావుల కాడికి రానివ్వలేదు, పనుల్లోకి పిలవలేదు.

తర్వాత 1876 నుంచి 78 దాకా గొప్ప కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో కొంత ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకొని మనవాళ్ళకు కూలి చూపించాడు. ఆ కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం కలిశారనే మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఏరు సాక్షి, ఊరు సాక్షి.

మరి మతం మారితే కులం పోయిందా? 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మన మీదికి గొడ్డళ్ళు ఎత్తినవాళ్ళు మీ దేవుడెవరని అడిగారా? ఏ పల్లెవాడివనే చూశారు. చర్చిలో మాత్రం కులం లేదా? మాలల మందిరం వేరు, మాదిగల మందిరం వేరు. పెళ్ళి సంబంధం దగ్గర 'క్రైస్తవులమే గానీ...' అని నసుగుతాం. అది మన సిగ్గు. దాన్ని కూడా ఒప్పుకొనే మాట్లాడుతున్నాం.

కోర్టులేమో రోజురోజుకీ బిగిస్తున్నాయి. 2024 నవంబరు 26న పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగానికి మోసం అంది. 2025 ఏప్రిల్ చివర మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. క్రైస్తవంలోకి వెళ్ళినవాడికి ఎస్సీ హోదా ఉండదు, ఆ చట్టం రక్షణ కూడా ఉండదంది. తిట్టినవాడు కులం పేరుతోనే తిడతాడు. తిట్లు తిన్నవాడికి మాత్రం కులం లేదంట!

ఒక్క ఫొటో చూపించి రేపు పొద్దున్నే ఎవరూ సర్టిఫికెట్ లాక్కోలేరు. ఆ సంగతి తెలుసుకోండి. 1993 చట్టం ప్రకారం రద్దు చేసే అధికారం జిల్లా కలెక్టరుది. ముందు మన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అయితే పూర్వం సాక్ష్యం మందిరం గోడల మధ్య ఉండిపోయేది. ఇప్పుడు తేదీతో, మొహంతో సహా ఎవరి ఫోనులోకైనా వెళుతుంది. మన మీద కంటు ఉన్నవాడు దాన్ని అర్జీకి జతచేస్తాడు.

అందుకని నోరు మూసుకుందామా? మేం ఆ మాట చెప్పడానికి రాలేదు. ఎట్లా చెప్పుకోవాలో ఆలోచిద్దాం.

మొదటిది. మన సొంత మాటే రాద్దాం. మా నాయనమ్మకు అక్షరం రాదు. ఆదివారం సాయంత్రం లేచి నిలబడి సాక్ష్యం చెప్పేది. 'ఆయన నాకు మేడ ఇయ్యలా. ఆసామి ముందర తలెత్తి కూలి అడిగే ధైర్నం ఇచ్చాడు' అనేది. అబద్ధమైతే లేచి కాదనడానికి ఆమెను ఎరిగినవాళ్ళంతా అక్కడే కూర్చుని ఉండేవాళ్ళు. అదీ సాక్ష్యం. 'ఆమెన్ అని టైపు చెయ్యండి, చెయ్యకపోతే కీడు జరుగుద్ది' అని వచ్చేదాన్ని నలభై మందికి తోసెయ్యడం సాక్ష్యం కాదు. రాసేముందు ఒకటే అడగండి: ఈ మాట పల్లె నడిబొడ్డున, నన్నెరిగినవాళ్ళ ముందు నిలబడి అనగలనా?

రెండోది. ఇంకొకరి మొహం అడక్కుండా పెట్టొద్దు. అయ్యగార్లకు ముఖ్యంగా మా విన్నపం. బాప్తిస్మం ఫొటోలు, జబ్బుమనుషుల మీద చేతులుంచిన వీడియోలు మీ పరిచర్య గొప్ప కోసం ఫేస్‌బుక్‌లో పెడుతున్నారు. మీకు లైకులొస్తాయి. ఆ పిల్లకు నోటీసు రావచ్చు.

మూడోది. ఎవరి దేవుణ్ణీ తిట్టొద్దు. పోలేరమ్మకు పొంగలి పెట్టేవాళ్ళు మన మేనమామలే, మన వియ్యంకులే. పైగా మతభావాలు గాయపరిచారని భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను కింద కేసు పెట్టే వీలుంది. మన ప్రేమ చెప్పుకోవడానికి ఇంకొకరి మీద ద్వేషం అక్కర్లేదు.

నాలుగోది. పెట్టనివాణ్ణి పిరికివాడనొద్దు. పెట్టినవాణ్ణి పిచ్చివాడనొద్దు. క్రైస్తవుణ్ణని కాగితం మీద రాసుకుంటే మనకు మిగిలేది బీసీ-సి, ఒక్క శాతం. ఆ ఖరీదు తెలిసి ఎవరి నిర్ణయం వాళ్ళు చేసుకోవాలి. దొంగ ప్రమాణం చెయ్యమని మేం ఎవరికీ చెప్పం. కడుపు కోసం దాచుకున్నవాణ్ణి దొంగ అని కూడా అనం. నిజం చెబితే చదువు పోయేట్టు, చదువు కావాలంటే నిజం దాచేట్టు మనల్ని ఈ ఇరుకులో పెట్టింది మూడో పేరా. తప్పు పిల్లది కాదు. తండ్రిది కాదు.

అసలు పని అక్కడుంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఆ పేరా తీసెయ్యమంది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కమిషన్లు వేశారు, తీర్మానాలు చేశారు. పేరా మాత్రం చెక్కుచెదరలేదు. మన వాటా తగ్గిపోద్దని హిందూ దళిత సోదరులకు భయం ఉంది. ఆ భయాన్ని మేం కొట్టిపారెయ్యం. జనం పెరిగితే వాటా కూడా పెంచాలని ఇద్దరం కలిసి అడుగుదాం. ప్రతి పల్లెలో సంతకాలు తీద్దాం. గ్రామసభలో లేచి మాట్లాడదాం. మందిరం పెద్దలు, సంఘం నాయకులు ఒకే చాప మీద కూర్చోవాలి.

ఆ పిల్ల మొన్న మళ్ళీ వచ్చింది. 'సార్, ఆ ఫొటో నా దగ్గరే ఉంది. ఎప్పుడు పెట్టాలో నేనే చూసుకుంటా. ముందు ఆ సంతకాల కాగితం ఇవ్వండి' అంది. ఇచ్చాం. మొదటి సంతకం ఆమెది. రెండోది వాళ్ళ నాన్న వేలిముద్ర.

ఆ కాగితం ఇదుగో, ఈ బల్ల మీదే ఉంది. వెళ్ళేముందు చూసి వెళ్ళండి.

మూడో పేరా రద్దు చెయ్యాలి! జై భీమ్! వందనాలు!