హాకీ యువకుల తొలి ఒడంబడిక
(కలకత్తాలో జరిగిన సంఘ సభలో చేసిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక వేదికపై హాకీ ప్రసంగమేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. అయినను మన ఇండ్లలోను, ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలోని తెలుగు కుటుంబములలోను ఆటకర్ర పట్టిన పిల్లలున్నారు. వారి మొదటి కొలువు కాగితములో ఏమున్నదో పెద్దలకు తెలియవలెను గదా! నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో వెంట్రుకలు నెరసినవాడను. కావున ఆటను గూర్చి గాక ఫైలును గూర్చియే మాట్లాడెదను.

ఈ నగరమున బైటన్ కప్పు పోటీ 1895లో ఆరంభమైనది. అందు పేరొందిన జట్లలో పెక్కు ఉద్యోగుల జట్లే. లెస్లీ క్లాడియస్ రైల్వేకు, రేవునకు, కస్టమ్సుకు ఆడినారు. 1948, 1952, 1956 ఒలింపిక్సులలో స్వర్ణమును, 1960లో రజతమును పొందిన ఆ మహనీయుడు జీతము తీసికొన్నది ఆటకు గాదు, కొలువునకు. మన హైదరాబాదు ముకేశ్ కుమారు 1992, 1996, 2000 ఒలింపిక్సులలో ఆడినారు. ఆయనకు ఆధారము ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగము.

కేంద్ర ప్రభుత్వ పద్ధతి 1980 నాటి ఉత్తర్వులతో స్థిరపడినది. నేరుగా నింపు గ్రూపు సి ఖాళీలలో నూటికి 5 వరకు క్రీడాకారులకు ఈయవచ్చును. వయఃపరిమితిలో 5 ఏండ్ల వరకు సడలింపు గలదు. దేశమునకు ఆడినవానికి మొదటి స్థానము. రాష్ట్రము, విశ్వవిద్యాలయము, పాఠశాల ఆ తరువాత. మూలవేతనము మాత్రము ఆటనుబట్టి మారదు, పదవిని బట్టియే. గొప్ప విజయములకు అదనపు ఇంక్రిమెంట్లు కలవు గాని సర్వీసు మొత్తముమీద అయిదింటికి మించవు. కాలు విరిగినను కొలువు నిలుచును. పిల్లనిచ్చు మామగారు చూచునది ఇదియే!

ఉత్తర అమెరికా మంచు హాకీలో పద్ధతి వేరు. అచటి 2005 ఒప్పందము ప్రకారము 18 మొదలు 21 ఏండ్ల లోపల సంతకము చేసినవాడు మూడేండ్లు, 22, 23 ఏండ్లవాడు రెండేండ్లు, 24 ఏండ్లవాడు ఒక ఏడు తొలి ఒడంబడికకు బద్ధుడు. ఆ కాలమున జీతమునకు పై హద్దుండును. ఎంత మెరసినను మూలజీతము అంతకు మించి అడుగ వీలులేదు.

మన హాకీ ఇండియా లీగులో 2024 అక్టోబరు వేలమున ఆటగాండ్ర కనీస ధర 2, 5, 10 లక్షలుగా నిర్ణయించిరి. నాడు జట్టునకు 24 మంది. అందు నలుగురు జూనియర్లు తప్పనిసరి. ఆ నాలుగు చోట్లే నాడు మన పిల్లలకు వాకిలి. ఆట 2024 డిసెంబరు 28 నుండి 2025 ఫిబ్రవరి 1 వరకే. కడపటి పోటీలో బెంగాలు జట్టు హైదరాబాదు జట్టును 4-3తో గెలిచినది. నాడు మనము ఎవరి పక్షమో నేటికిని తేలలేదు. ఐదు వారముల సొమ్ముతో సంవత్సరమంతయు గడుచునా? అందుచేత లీగులో ఆడు కుఱ్ఱడును కొలువు కొఱకు అర్జీ పెట్టవలసియే యున్నది.

అర్జీ యనగా నాకొక ముఖము జ్ఞప్తికి వచ్చును. చాల ఏండ్ల క్రిందట, ఒక కార్యాలయములో నుండగా, ఒక తెలుగు కుఱ్ఱడు రాష్ట్రమునకు ఆడినట్లు ధ్రువపత్రము తెచ్చినాడు. దానిపై సంతకము వాని క్లబ్బు కార్యదర్శిది. నిబంధన ప్రకారము రాష్ట్ర హాకీ సంఘ కార్యదర్శి నిర్ణీత ఫారములో సంతకము చేయవలెను. నేను “సరిగా లేదు” అని వ్రాసి త్రిప్పి పంపితిని. ఏ ఫారమో, ఎవరి సంతకమో చెప్పలేదు. అది నా పని కాదనుకొంటిని. వాడు సరియైన కాగితముతో వచ్చుసరికి గడువు దాటినది. మఱుసటి ఏడు సడలింపుతో గూడ వయస్సు దాటినది. “ఫరవాలేదండీ” అని నాకే నమస్కరించి పోయినాడు.

2024 మార్చిలో అర్హతల ఉత్తర్వులు సవరింపబడినవి. పాత కాగితములను నమ్మకుడు. ఎవరి సంతకము కావలెనో తెలుపు ఫారముల నకళ్లు ఇరువది తెచ్చినాను. వాకిటి కడ బల్లపై ఉన్నవి, వెళ్లునపుడు తీసికొనుడు. చాలనిచో రేపు మా సెక్షనునకు రండు.