ఫోను, బ్రాడ్‌బ్యాండు ఒప్పందములు: చేరుటకు ముందే వీడుట తెలిసికొనవలెను
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలు నేడు పెక్కు జిల్లాలుగా ఏర్పడినవి. జిల్లాల హద్దులు మారినను ఇచ్చటి ప్రజల అవసరములు ఒక్కటియే. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల యజమానులు, పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేత చీరెల వర్తకులు, పల్లెలోని మీసేవ కేంద్రమును నడుపు యువకుడు, కిరాణా కొట్టు యజమాని, వీరందరును ఇప్పుడు ఫోను మీదను, బ్రాడ్‌బ్యాండు మీదను ఆధారపడి వ్యాపారము సాగించుచున్నారు. దేశములోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు కాంతి తంతుల ద్వారా బ్రాడ్‌బ్యాండు అందించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2011 అక్టోబరులో ఆమోదించినది. అదియే నేటి భారత్‌నెట్. తెలంగాణలో టి-ఫైబర్ సేవ 2024 డిసెంబరులో ప్రారంభమైనప్పుడు, మొదట ఎన్నుకొనిన కొలది గ్రామములలో నారాయణపేట జిల్లాలోని మద్దూరు ఒకటి.

ఇది సంతోషింపదగిన విషయము. అయితే తీగతో పాటు ఇంటికి ఒక కాగితము కూడ వచ్చుచున్నది. ఆ కాగితమును గురించియే నేడు మనము ముచ్చటించుకొందము.

సేవను అమ్ముటకు వచ్చిన ప్రతినిధి నెలకు ఎంత చెల్లించవలెనో చెప్పును. పరికరము ఉచితమనును. సంతకము చేయవలసిన చోటును వ్రేలితో చూపును. సేవ నచ్చనిచో ఏమి చేయవలెనను మాటను అతడు ఎత్తడు, మనమును అడుగము. కొంత కాలమునకు లైను తరచుగా తెగిపోవుటచేతనో, వ్యాపారము తగ్గుటచేతనో మనము వద్దనుకొందుము. అప్పుడు ఎన్నడును వినని ఒక రుసుము బిల్లులో కనబడును.

మాట వరుసకు ఒక లెక్క చూతము. ఒక దుకాణదారుడు నెలకు 1,000 రూపాయల చొప్పున 24 నెలల వ్యాపార పథకమునకు సంతకము చేసెను. ఈ సేవలపై 18 శాతము పన్ను కలదు గనుక అతడు నెలకు చెల్లించునది 1,180 రూపాయలు. తొమ్మిది నెలల పిమ్మట అతడు విరమింపదలచెను. మిగిలిన 15 నెలల అద్దెయు చెల్లించవలెనని ఒప్పందములో ఉన్నచో, వాడుకొనని సేవకు 15,000 రూపాయలు అడుగుదురు. చిన్న కొట్టు నడుపువానికి ఇది స్వల్పమైన మొత్తము కాదు.

ఇట్టి రుసుములు ముఖ్యముగా నాలుగు రూపములలో వచ్చును. మొదటిది, పైన చెప్పిన కనీస గడువు. రెండవది, గడువు తీరిన పిమ్మట మనము వద్దని వ్రాయనిచో మరి యొక గడువుకు దానంతటదే కొనసాగు షరతు. మూడవది, మొదటి నెల ఉచితమని చెప్పి జతచేసి, వద్దని చెప్పునంత వరకు వసూలుచేయు అదనపు సేవలు. నాలుగవది, ఉచితమని ఇచ్చిన పరికరమును తిరిగి అప్పగింపనిచో వేయు వెల.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. బ్రిటనులో టెలిఫోను సేవలను నియంత్రించు ఆఫ్‌కామ్ సంస్థ, గృహస్థులకును, పదిమంది వరకు పనివారు గల చిన్న వ్యాపారములకును సంబంధించి, తమంత తామే కొనసాగు కనీస గడువు ఒప్పందములను 2011లో నిషేధించినది. మన దేశములో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శక సూత్రములను ప్రకటించి, 13 విధములైన మోసపు పద్ధతులను పేర్కొన్నది. చందా కట్టుట సులభముగాను, మానుట కష్టముగాను చేయుట వానిలో ఒకటి. కొనువాని సమ్మతి లేకయే బిల్లులో అదనపు వస్తువును చేర్చుట మరి యొకటి.

చేరుట సులభము, వీడుట కష్టము అగు ఒడంబడికలు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. అప్పు తీరువరకు మనిషినే కట్టివేసిన భగేలా పద్ధతిని మన పెద్దలు ఎరుగుదురు. ఆ ఒడంబడికలను అదుపులో నుంచుటకు నిజాము ప్రభుత్వము 1936లో నిబంధనలు చేసినది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము భగేలా, జీతము, పాలేరు, వెట్టి మున్నగు పేర్లను ఉదాహరించి ఆ పద్ధతులను రద్దుచేసినది. ఫోను బిల్లును ఆ దుఃస్థితితో సరిపోల్చుట మా ఉద్దేశము కాదు. సంతకము చేసినంత మాత్రమున ప్రతి షరతును శిరసావహింపనక్కర లేదను నీతి మాత్రము రెంటికిని వర్తించును.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1872 నాటి ఒప్పందముల చట్టము 74వ సెక్షను ప్రకారము, ఒప్పందమును ఉల్లంఘించినవాడు ఇంత చెల్లించవలెనని కాగితములో వ్రాసియున్నను, న్యాయస్థానము ఆ మొత్తమునకు మించకుండ సమంజసమైన పరిహారమును మాత్రమే ఇప్పించును. వ్రాసిన మొత్తమంతయు దానంతటదే రాదని సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ వ్యాజ్యమున స్పష్టపరచినది. కావున ఆ 15,000 రూపాయలు తుదిమాట కాదు. కంపెనీకి నిజముగా కలిగిన నష్టమెంత అని మనము అడుగవచ్చును.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, నష్టముతో ఏమాత్రము పొంతనలేని జరిమానా విధించు ఒప్పందమును అన్యాయమైన ఒప్పందముగా నిర్వచించినది. టెలిఫోను తగాదాలు వినియోగదారుల కమిషన్లకు పోవచ్చునా అను సందేహమును సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్చి, పోవచ్చునని చెప్పినది. కాని ఇచ్చట ఒక మెలిక కలదు. వాణిజ్య ప్రయోజనమునకై సేవను పొందినవానిని ఈ చట్టము వినియోగదారునిగా గణింపదు. కాబట్టి సాధారణ పథకముతో పని జరుగు చిన్న దుకాణదారుడు, బిజినెస్ ప్లాను అను పెద్ద పేరుకు ఆశపడి సంతకము చేయుటకు ముందు ఒకటికి రెండుమారులు ఆలోచింపవలెను. ఆ పేరుతో ఈ రక్షణయే చేజారవచ్చును.

సెల్ ఫోను సంఖ్యను మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను సౌకర్యము 2011 జనవరి 20 నుండి దేశమంతట కలదు. అయితే ఒప్పందములో నిష్క్రమణ షరతు ఉండి, దానిని మనము నెరవేర్పనిచో, పాత కంపెనీ ఆ మార్పును నిరాకరింపవచ్చును. సంస్థ పేరిట నున్న సంఖ్యలకు ఆ సంస్థ ఇచ్చు అధికార పత్రము కూడ అవసరము.

పంచాయతీలకు ఈ విషయమున ప్రత్యేకమైన జాగ్రత్త కావలెను. 2019లో ఎన్నికైన పాలకవర్గముల గడువు 2024 ఫిబ్రవరి ఆరంభమున ముగిసి, ప్రత్యేకాధికారులు బాధ్యతలు స్వీకరించిరి. మనుష్యులు మారుదురు, ఒప్పందము సాగుచునే యుండును. పాత సర్పంచి సంతకము చేసిన కాగితము ఎచ్చటనున్నదో, దాని గడువు ఎప్పుడు తీరునో క్రొత్తవారికి తెలియనిచో, రుసుము గ్రామనిధి నుండి పోవును. అది ఇంటిపన్ను కట్టిన బీదవాని సొమ్ము.

కావున మీరు చేయవలసినవి ఇవి. సంతకమునకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు: కనీస గడువు ఎంత? మధ్యలో మానినచో చెల్లించవలసినది ఎంత? ఎన్ని దినముల ముందు నోటీసు ఈయవలెను? జవాబులను వ్రాతమూలకముగా పుచ్చుకొనుడు. ఒప్పందము నకలును పంచాయతీ దస్త్రములో నుంచి, గడువు తేదీని తీర్మానముల పుస్తకమున వ్రాయుడు. పరికరము తిరిగి ఇచ్చునపుడు రసీదు తీసికొనుడు. బ్యాంకు కార్డు ద్వారా ప్రతినెల సొమ్ము పోవు ఏర్పాటు ఉన్నచో, సొమ్ము తీయుటకు కనీసము 24 గంటల ముందు సమాచారము రావలెను. ఆ ఏర్పాటును మానుకొను హక్కు మీకు కలదు. సొమ్ము ఆగినంత మాత్రమున ఒప్పందము రద్దు కాదు గనుక నోటీసు వేరుగా ఈయవలెను.

సేవ చెడినప్పుడెల్ల ఫిర్యాదు చేసి దాని సంఖ్యను వ్రాసికొనుడు. లైను పనిచేయలేదను రుజువు ఉన్నచో, ఒప్పందమును ముందుగా తప్పినది ఎవరను ప్రశ్న పుట్టును. ఆ సంఖ్యలే మీ సాక్షులు. ఫిర్యాదు తీరనిచో, 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారము కంపెనీలోని అప్పీలు అధికారికి చెప్పుకొనవచ్చును. వినియోగదారుల జాతీయ సహాయ కేంద్రము సంఖ్య 1915.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అని మన పెద్దలు చెప్పిరి. ఫోను వలదని మేము చెప్పుట లేదు. చదువుకొనిన సభ్యుడు ఒక్కడు గ్రామములోని చిన్న దుకాణదారులకు సంతకమునకు ముందు కాగితమును చదివి వినిపించినచో, పెక్కు కుటుంబముల సొమ్ము నిలుచును. ఈ పనికి నిధులు అక్కరలేదు, పై అధికారుల ఉత్తరువులు అక్కరలేదు. రాబోవు గ్రామసభలోనే దీనిని ప్రారంభింపవలసినదిగా మిమ్ము కోరుచున్నాము.