పుట్టబోయే బిడ్డ మనకు అమానతు

సృష్టికర్త అయిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్తపై శాంతిశుభాలు కురియుగాక!

తలసీమియాతో బాధపడే బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించడానికి తిరుపతికో చిత్తూరుకో తిరిగే తల్లిదండ్రులు మన జమాఅతులోనూ ఉన్నారు. "హజ్రత్, తరువాతి బిడ్డకు పిండంలోనే జన్యువును సరిచేయించవచ్చునా?" అని వారు మమ్మల్ని అడిగారు.

చికిత్స నిషిద్ధం కాదు. వ్యాధికి ఔషధం ఉన్నదనీ, దానిని వెదకుమనీ దైవప్రవక్త (స) బోధించారు. రోగి రక్తమూలకణాలను వెలికి తీసి, జన్యువును సవరించి, తిరిగి ఎక్కించే వైద్యానికి 2023లో బ్రిటన్ అనుమతినిచ్చింది. ఆ మార్పు ఆ రోగితోనే ముగుస్తుంది. అందులో మాకు దోషం కనిపించదు.

పిండంలో చేసే మార్పు అటువంటిది కాదు. అది ఆ బిడ్డ సంతతికీ, వారి సంతతికీ సంక్రమించగలదు. 2018 నవంబరులో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్, హెచ్‌ఐవీ సోకకూడదని కవల ఆడపిల్లల జన్యువును పిండదశలోనే సవరించినట్లు ప్రకటించాడు. తండ్రికున్న ఆ వ్యాధి బిడ్డలకు రాకుండా కాపాడే మార్గాలు అప్పటికే ఉన్నాయి. పైగా తలపెట్టిన మార్పు తలపెట్టినట్లు జరగలేదు. 2019 డిసెంబరులో న్యాయస్థానం అతనికి మూడేళ్ల కారాగారం విధించింది. అతని శిక్షకు గడువున్నది. ఆ బిడ్డలు మోసే మార్పుకు గడువు లేదు.

మన దేశంలోనూ ఐసీఎంఆర్ 2019 నాటి మార్గదర్శకాలు వంశపారంపర్యంగా సంక్రమించే జన్యుమార్పును నిషేధించాయి. ఆడశిశువును గర్భంలోనే తొలగించే దురాచారాన్ని ఆపడానికి 1994లో చట్టమే అవసరమైన సమాజం మనది. ఈనాడు రోగమని మొదలైనది రేపు రంగు దగ్గరా, ఎత్తు దగ్గరా ఆగుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు? బిడ్డ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. మన కోరికకు తగినట్లు దిద్దుకొనే సొత్తు కాదు.

అయితే ఆ తల్లిదండ్రులకు మనం చేయగలిగినది లేదా? ఉన్నది. తలసీమియా వాహకులు ఆరోగ్యవంతులుగానే కనిపిస్తారు. వధూవరులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. దగ్గరి బంధువుల మధ్య సంబంధాలలో ఇటువంటి అవకాశం అధికం. అటువంటి వివాహం ధర్మసమ్మతమే గాని, విధి కాదు. ఒక్క రక్తపరీక్షతో ఈ సంగతి తెలుస్తుంది. నిఖాహ్ తేదీ నిశ్చయించక మునుపే ఇరువైపులా ఆ పరీక్ష చేయించండి. వాహకులని తేలిన పిల్లను గాని, పిల్లవానిని గాని ఎవరూ చులకన చేయరాదు. ఇప్పటికే వ్యాధితో ఉన్న పసివారి కోసం మన యువకులు రక్తదానం చేయాలి.

అల్లాహ్ మన సంతతిని రక్షించుగాక, రోగులకు స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.