25 మీటర్ల దూరాన చరిత్ర
(పాఠశాల అమృతోత్సవ సభలో పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో స్థిరపడినదానను గనుక అక్కడి విద్యావిధానాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు కోరారు. ఆ సంగతులు మీరు పత్రికలలో చదువుతూనే ఉన్నారు. అందుచేత వేరొక విషయం ఎన్నుకున్నాను. అదేమిటో విని కార్యదర్శిగారు ఒక్క క్షణం నా ముఖం వంక చూచారు. విషయం రైఫిలు శిక్షణ.

ఈ బడిలో చదివే రోజులలో నేను ఎన్.సి.సి. కేడెట్‌ను. ఏడాదికి ఒకమారు మమ్మల్ని లారీలో ఎక్కించి చాంద్‌మారీకి తీసుకువెళ్ళేవారు. అక్కడ .22 రైఫిలుతో 25 గజాల దూరాన గుండ్లు పేల్చాలి. మనిషికి ఐదు తూటాలు. ఐదూ ఒకే చోట గుమిగూడినట్లు పడితే హవల్దారుగారు తల ఊపేవారు. ఆ తల ఊపుడే మాకు పతకం. మళ్ళీ నేను రైఫిలు ముట్టుకున్నది మూడు దశాబ్దాల తరువాత, ఒహాయో రాష్ట్రంలో, మా అమ్మాయితో కలిసి.

అక్కడ ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ అనే స్వచ్ఛంద శిక్షణ కార్యక్రమం ఒకటి సుమారు ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నది. శని, ఆదివారాలు రెండు రోజులూ పగలంతా గురి నేర్పుతారు. నడుమ విరామాలలో చరిత్ర చెబుతారు. ఊరూరా ఆపిల్ విత్తనాలు నాటుతూ తిరిగిన జాన్ చాప్‌మన్ (1774–1845) అనే ఆయనను అక్కడి జనం జానీ యాపిల్‌సీడ్ అని పిలుచుకునేవారు. పేరు అందులోంచి వచ్చినది. బోధకులలో ఎవరికీ జీతం లేదు. నేను వెళ్ళిన శిబిరంలో ఒకరు విశ్రాంత విద్యుత్ కార్మికుడు, ఒకరు ఆస్పత్రి నర్సు, ఒకరు కళాశాల విద్యార్థి. ఎర్ర టోపీ పెట్టుకున్నవారు బోధకులు, నారింజ టోపీవారు బోధన నేర్చుకుంటున్నవారు.

మొదట నేర్పినది కాల్చడం కాదు, కాల్చకుండా ఉండడం. నియమాలు నాలుగు. తుపాకి మూతి ఎల్లప్పుడూ హాని లేని దిక్కుకే ఉండాలి. ఆజ్ఞ వచ్చేవరకు తూటా నింపరాదు. గురి కుదిరేవరకు వేలు ట్రిగ్గరు మీదికి పోరాదు. నాలుగవది నాకు కొత్త: ఈ మూడు నియమాలను నీ పక్కవారు కూడా పాటించేట్లు చూచే బాధ్యత నీదే. పన్నెండేళ్ళ పిల్లవాడైనా సరే, తప్పు కనబడితే గట్టిగా కేక వేసి అందరినీ ఆపవచ్చు. ఆపినందుకు ఎవరూ కోప్పడరు. మన ఎన్.సి.సి.లో ఆ హక్కు హవల్దారుగారికి తప్ప మరొకరికి ఉన్నట్లు నాకు జ్ఞాపకం లేదు.

దూరం 25 మీటర్లే. ఐతే ఎదుట కాగితం మీద మనిషి ఆకారాలు క్రమంగా చిన్నవవుతూ ఉంటాయి: 100 గజాల దూరాన నిలబడిన మనిషి ఎంత కనబడతాడో అంత ఒకటి, ఆపైన 200, 300, చివరకు 400 గజాలకు తగ్గట్టు ఒకటి. బోర్లా పడుకొని, తోలుపటకాను చేతికి బిగించి, ముందరి సైటు మీద చూపు నిలిపి, ఊపిరి వదిలి, ఆ చిన్న నిలుపులో ట్రిగ్గరును మెల్లగా నొక్కాలి. శరీరం సహజంగా ఎటు వాలుతున్నదో కనుక్కొని, రైఫిలును బలవంతాన తిప్పకుండా మొత్తం దేహాన్నే జరుపుకోవాలని వారి పాఠం. కండబలంతో గురి పట్టినవాడికి మూడవ గుండుకే చేయి వణుకుతుంది. చివరి పరీక్ష నాలుగు అంచెలు, 40 గుండ్లు, 250 మార్కులు. 210 వస్తే రైఫిల్‌మన్ అనే గుడ్డ బిళ్ళ ఇస్తారు. మా అమ్మాయికి ఆదివారం మధ్యాహ్నం 213 వచ్చినవి. నాకెన్ని వచ్చినవో అడగకండి.

ఇక చరిత్ర సంగతి. వారు చెప్పే కథ అంతా ఒక్క రోజుది: 1775 ఏప్రిల్ 19. అమెరికా అప్పటికింకా దేశం కాదు, ఇంగ్లాండు వలస. బోస్టన్‌లోని సేనాధిపతి జనరల్ గేజ్ కాంకర్డ్ అనే ఊళ్ళో దాచిన మందుగుండును స్వాధీనం చేసుకోవడానికి ముందటి రాత్రి సుమారు 700 మంది సైనికులను పంపాడు. పాల్ రివీర్, విలియం డాస్ అనేవారు గుర్రాలెక్కి ఊళ్ళను లేపారు. తెల్లవారుజామున లెక్సింగ్టన్ పచ్చికబయలులో కెప్టెన్ జాన్ పార్కర్ వెంట నిలిచినవారు 77 మంది. ఆయన క్షయరోగి, ఆ సెప్టెంబరులోనే పోయాడు. తొలి గుండు ఎవరిదో నేటికీ తేలలేదు. నిమిషాలలో ఎనిమిదిమంది ఊరివారు నేలకొరిగారు. గాయపడినవారిలో ప్రిన్స్ ఎస్టాబ్రుక్ అనే నల్లజాతి బానిస ఒకడు. ఇతరుల స్వేచ్ఛ కోసం నిలబడిన ఆ మనిషికి తన స్వేచ్ఛ లేదు. బోధకుడు ఈ పేరు చెప్పి కాసేపు ఆగాడు. ఎవరూ ఏమీ అనలేదు.

నా మనసులో నిలిచినది మాత్రం ఐజాక్ డేవిస్ కథ. ఆక్టన్ అనే పక్క ఊరి తుపాకుల పనివాడు, ముప్పై ఏళ్ళవాడు. ఆ ఉదయం ఇంట్లో నలుగురు పిల్లలూ జబ్బుతో పడి ఉన్నారు. తన దళానికి బాయినెట్లన్నీ తానే తయారుచేసి ఇచ్చాడు గనుక కాంకర్డ్ వంతెన దగ్గర ముందు వరుస వారికే ఇచ్చారు. మొదట పడినవారిలో డేవిస్ ఒకడు. మధ్యాహ్నానికి శవం ఇంటికి వచ్చినది. ఆయన భార్య హన్నా చాలా ఏళ్ళు బ్రతికినది. ఈ కథ చెబుతున్న నర్సుగారి గొంతు ఒకచోట జీరబోయినది. ఆమె ఎన్నిమార్లు చెప్పి ఉంటారో!

తిరుగుదారిలో పదహారు మైళ్ళకు పైగా సైన్యాన్ని ఊళ్ళు వెంటాడాయి. సాయంత్రానికి ఇంగ్లీషువారిలో చనిపోయినవారు 73 మంది, గాయపడినవారు 174 మంది. ఎనభైకి దగ్గరపడిన శామ్యూల్ విట్‌మోర్ అనే ముసలాయన తన పొలం గోడ వెనుకనుండి కాల్చి, తాను గుండు దెబ్బ, బాయినెట్ పోట్లు తిని కూడా చావక, మరి పద్దెనిమిదేళ్ళు బ్రతికి 1793లో పోయాడు.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. ఈ రోజు గురించి వినేవారికి అది గొప్ప గురిగాళ్ళ విజయమని తోస్తుంది. ఆనాడు ఆ రైతుల చేతులలో ఎక్కువగా ఉన్నవి రైఫిళ్ళు కావు, గొట్టం లోపల మరలు లేని మస్కెట్లు, పిట్టలు కొట్టే తుపాకులు. వందగజాల అవతల వాటి గురి దేవుడి దయ. వేలమంది రోజంతా కాల్చితే తగిలినవి రెండు వందల యాభై లోపు. అసలు రైఫిలు దళాలను చేర్చుకోవాలని కాంగ్రెసు తీర్మానించినది జూన్ 14న. అవి పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియాలనుండి వచ్చాయి. కాబట్టి ఏప్రిల్ 19ని గెలిపించినది గురి కాదు, గంటల వ్యవధిలో ఊళ్ళకు ఊళ్ళు వచ్చి చేరడం. ముందే దళాలు కట్టుకొని, జాబితాలు రాసుకొని, కసరత్తు చేసి ఉండడంవల్ల అది సాధ్యమైనది.

మరి మనకేమిటి సంబంధం? ఆ కథ వెనుక 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో సముద్రం పాలైన 342 పెట్టెల తేయాకు ఉన్నది. అది ఈస్టిండియా కంపెనీ సరుకు. అప్పటికి ఏడేళ్ళ క్రితమే, 1766లో, అదే కంపెనీ నిజాముతో ఒడంబడిక చేసుకొని ఉత్తర సర్కారులు తీసుకున్నది. మన బరంపురం, ఈ గంజాం సీమ అందులో భాగం. 1781లో యార్క్‌టౌన్‌లో ఆయుధాలప్పగించిన కార్న్‌వాలిస్ ప్రభువే 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. ఆయన బెంగాలులో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 తరువాత మన సర్కారులకూ వచ్చి, మన జమీందారీలను ఒక అచ్చులో పోసినది. బోధకుడు తేయాకు దగ్గర కథ ముగించాడు. నాకు అక్కడ మన కథ మొదలైనట్లు తోచినది.

దారిలో కారులో మా అమ్మాయి అడిగినది: "అమ్మా, మనవాళ్ళెవరూ ఇలా చెయ్యలేదా?" 1878 ఆయుధ చట్టం తరువాత మనవారికి లైసెన్సు లేని తుపాకి నేరమని చెప్పాను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు తీసుకుపోయిన సంగతి చెప్పాను. కాంకర్డ్‌లో సర్కారు జనం ఆయుధాలకోసం వచ్చినది. మన్యంలో జనం సర్కారు ఆయుధాలకోసం వెళ్ళినది. "ఇది మాకెవ్వరూ చెప్పలేదే" అన్నది. ఆమెకు చెప్పవలసినది నేనే గదా.

తల్లిదండ్రులు కొందరు ఇప్పటికే లోలోపల అడుగుతూ ఉంటారు, ఆ దేశంలో బడిపిల్లల మీద తుపాకులు పేలుతుంటే ఆడపిల్లను అటువంటి చోటికి ఎలా తీసుకుపోయావని. 2012లో శాండీహుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు. 2022లో యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు. మా అమ్మాయి ఐదవ ఏట నుండి తరగతి తలుపు బిగించి, దీపాలార్పి, మూల నక్కే అభ్యాసం చేస్తున్నది. ఆ భయం ఉన్నందువల్లనే, ఆ వస్తువును క్రమశిక్షణతో పట్టుకునే మనుషులను కూడా ఒకమారు ఆమె చూడాలనుకున్నాను. శిబిరంలో వాడినది అరువు రైఫిలు. మా ఇంట తుపాకి లేదు, ఉంచుకొనే ఉద్దేశమూ లేదు. మా వారు ఇప్పటికీ ఈ ప్రయాణాన్ని మెచ్చుకోలేదు. ఆయన మాటలోనూ న్యాయమున్నది.

నేను మీ ముందు పెట్టదలచినది రైఫిలు కాదు, ఆ చెట్టు కింది కథ. జీతంలేని ముగ్గురు మనుషులు 250 ఏళ్ళనాటి ఒక్క రోజును పేర్లతో, వయసులతో, వీధుల గుర్తులతో ముప్పైమంది అపరిచితులకు నోటితో చెప్పారు. మన ఊరికి అటువంటి రోజులు లేకపోలేదు. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినది. ఆనాటి వాదోపవాదాలు, ఉద్యోగుల కంగారు, ఏ భాషలో చదివించాలన్న తండ్రుల గుంజాటన తాతల నోట విన్నవారు ఈ సభలో కనీసం పదిమంది ఉంటారు. నేను చదివినప్పుడు తరగతికి రెండు సెక్షన్లు నిండుగా ఉండేవి. నిన్న హాజరుపట్టీ చూచాను, ఆ సంఖ్య ఇక్కడ చెప్పను, ఉపాధ్యాయులకు తెలుసు.

కాబట్టి పూర్వ విద్యార్థుల సంఘానికి నా ప్రార్థన: ఏడాదికి రెండు ఆదివారాలు ఈ రావిచెట్టు కింద బడిపిల్లలకు, వారితో వచ్చే ఇతర బడుల పిల్లలకు కూడా, ఈ సీమ కథ చెప్పే ఏర్పాటు చేయండి. మైకు, శాలువా, పూలదండ వద్దు. తెలుగు పిల్లలతోపాటు ఒడియా పిల్లలు వస్తే వారి తాతల కథ కూడా అక్కడే చెప్పించాలి. ఒక వైపు కథ చెబితే అది సగం చరిత్రే. మొదటి ఆదివారానికి నా సహాధ్యాయి ఒకరు ఒప్పుకున్నారు. వారి తాతగారి బట్టల దుకాణం చిట్టాలు 1936 నాటివి అటకమీద ఉన్నాయట. మార్చి నెలాఖరు లెక్కలు, ఏప్రిల్ మొదటి లెక్కలు రెండూ పిల్లలకు చూపిస్తామన్నారు. చాపలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.