తవుడు ఎక్కువేస్తే వెన్న ఎందుకు తగ్గుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ ఉంగుటూరు నుంచి. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైస్ మిల్లులు ఉన్నాయి కదా, వాటిలోంచి వచ్చే తవుడు గురించి మాట్లాడుకుందాం. బీటెక్ చదివి కోడ్ రాసుకునేవాడికి తవుడుతో పనేంటి అంటారేమో. ఇందులో లెక్క ఉంది బాస్, అందుకే నాకు నచ్చింది.

"ఫుడ్ ఇండస్ట్రీ వేస్ట్‌ని పశువుల మేతగా మార్చడం" అని ఇప్పుడు పెద్ద పెద్ద ప్రెజెంటేషన్లు ఇస్తున్నారు. మన అమ్మమ్మలు అది ఎప్పుడో చేసేశారు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, గుప్పెడు తవుడు కలిపితే కుడితి. అంతే.

నూరు కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, 8 కిలోల దాకా తవుడు వస్తాయి. ఆ తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. అందుకే చాలా తవుడు గేదె దాకా రాకుండా నూనె ఫ్యాక్టరీకి పోతుంది. నూనె తీశాక మిగిలేదే డీఓబీ. దానికి కొల్లేరు వైపు చేపల చెరువుల్లో ఫుల్ గిరాకీ. చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి చెరువులో కర్రలకు కడతారు, శీలావతి, బొచ్చె వచ్చి పొడుచుకుని తింటాయి. అంటే మన గేదెకి పోటీ ఎవరో తెలుసా? చేప! 2023 జులైలో అయితే దాణా రేట్లు పెరుగుతున్నాయని కేంద్ర ప్రభుత్వం డీఓబీ ఎగుమతులే ఆపేసింది.

సరే, అసలు పాయింట్‌కి వద్దాం. పాల కేంద్రంలో డబ్బులు వెన్న శాతం చూసి ఇస్తారు. "తవుడులో నూనె ఉంది, దండిగా వేస్తే వెన్న పెరుగుతుంది" అనుకుంటారు కొందరు. జరిగేది రివర్స్. గేదె పొట్టలో గడ్డిని అరిగించేది సూక్ష్మజీవులు. మేత మొత్తంలో నూనె 6 శాతం దాటితే వాటికి పడదు. గేదె రోజుకి తేమ తీసేసి లెక్కేస్తే 12 కిలోల మేత తింటుందనుకోండి. అందులో 5 కిలోలు నూనె తీయని తవుడే అయితే, 16 శాతం చొప్పున 800 గ్రాముల నూనె. అంటే దాదాపు 7 శాతం. ఎర్రర్! గడ్డి సరిగ్గా అరగదు, వెన్న పడిపోతుంది. కిలో, కిలోన్నర అయితే పర్లేదు. డీఓబీలో నూనె ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు. కానీ రెండిట్లోనూ భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. కాబట్టి పాలిచ్చే గేదెకి రోజూ 50 గ్రాముల మినరల్ మిక్చర్ కలపండి.

కొనేటప్పుడు ఒకటి అడగండి: పచ్చి బియ్యం తవుడా, ఉప్పుడు బియ్యం తవుడా? గింజలో నూనె ఒకచోట, దాన్ని పాడుచేసే ఎంజైమ్ ఇంకోచోట ఉంటాయి. మిల్లు ఆడగానే రెండూ కలిసిపోతాయి. పచ్చి తవుడు రోజుల్లోనే వాసన, చేదు ఎక్కుతుంది. ఉప్పుడు బియ్యానికి ధాన్యాన్ని ముందే ఉడికిస్తారు, ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆ తవుడు కాస్త నిలవ ఉంటుంది. నూనె మాత్రం ఇంకా ఎక్కువ, కాబట్టి పైన చెప్పిన లెక్క మర్చిపోవద్దు.

ఇప్పుడు సీరియస్ విషయం. వానకి తడిసిన బస్తా సగం రేటుకి ఇస్తామంటారు. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దొరికింది. అది కూడా నూనె తీశాక మిగిలిన సరుకే. అందులోని బూజు విషమే అఫ్లాటాక్సిన్. గేదె ఇలాంటిది తింటే ఒక్క రోజులోపే విషం కొంత పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. మన దేశంలో పాలకు పెట్టిన పరిమితి కిలోకి 0.5 మైక్రోగ్రాములు. ఆ పాలు తాగేది ఎవరు? ముందుగా మన ఇంట్లో పిల్లలే.

బూజు పట్టిన గడ్డలు ఏరేసి మిగతాది వేస్తామంటే కుదరదు, విషం కంటికి కనిపించదు. ఎండబెట్టినా పోదు. మేత ఆపేస్తే మాత్రం నాలుగైదు రోజుల్లో పాలు తేరుకుంటాయి. కొత్త బస్తాలు చెక్కల మీద, గోడకి జానెడు దూరంగా పెట్టండి. పాడైన బస్తా కోళ్లకీ చేపలకీ వద్దు, పెంటకుప్పలో వేసేయండి.

మీ ఊళ్లో తవుడు బస్తా ఎంత, పచ్చిదా ఉప్పుడుదా, కామెంట్‌లో పెట్టండి. మీ పాల కేంద్రంలో వచ్చే వెన్న శాతం కూడా రాస్తే ఇంకా మంచిది, పక్కపక్కన పెట్టి చూద్దాం.