విపత్తుకు పేర్లు

ఒక జాతి పూర్వం ఏ ఉపద్రవాలను చూచి భయపడినదో తెలిసికొనవలెనంటే చరిత్ర గ్రంథాలే తిరగవేయనక్కరలేదు. నిఘంటువు తెరచినా చాలును. ఆంగ్లభాషలో ఆకస్మిక వినాశాన్ని తెలిపే మాటలు అనేకం ఉన్నవి. అవి మన సంభాషణలలో కూడా ధారాళంగా దొర్లుతున్నవి. సినిమా ఆడకపోతే డిజాస్టర్. పెండ్లి విందులో పులుసు చాలకపోయినా డిజాస్టరే. ఇంత చవుకగా వాడుకొనే ఈ మాటల పుట్టుకను ఒకసారి విచారించడం మంచిది.

డిజాస్టర్ అన్న మాటలో ఒక నక్షత్రం దాగి ఉన్నది. ఇటలీ దేశపు భాషలో ఆస్ట్రో అంటే నక్షత్రం. గ్రహస్థితి బాగుండక కలిగిన కీడు డిజాస్టర్. మన ఉత్పాతం కూడా దీనికి దూరపు మాట కాదు. ఉల్కలు రాలడం, తోకచుక్క పొడవడం వంటి అపశకునాలకు మన పూర్వులు పెట్టిన పేరది. కాలక్రమాన శకునం పేరే ఆపదకు వచ్చినది. కటాస్ట్రఫీ గ్రీకుల రంగస్థలం మీదనుండి దిగివచ్చినది. తలక్రిందులగుట అని దాని అర్థం. నాటకం చివర కథ అడ్డం తిరిగే ఘట్టానికి ఆ పేరు. కాటక్లిజం కూడా గ్రీకు మాటే. నీరు సమస్తాన్ని కడిగివేయుట, అనగా జలప్రళయం. డెబాకిల్ ఫ్రెంచివారిది. చలికాలంలో గడ్డకట్టిన నది, ఎండ తగలగానే ఫెళఫెళ విరిగి, మంచుపెళ్ళలతో ఒక్కసారిగా పరుగెత్తడం డెబాకిల్. నేడు ఎన్నికలలో ఓడిన పక్షానికి ఆ మాట వాడేవారికి ఆ నది గుర్తుండదు.

సైక్లోన్ అన్న పేరు మాత్రం మన బంగాళాఖాతం ఒడ్డున పుట్టినది. కలకత్తాలో ఉండి తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్, 1848లో నావికుల కోసం ప్రకటించిన గ్రంథంలో ఆ మాటను వ్యాప్తిలోకి తెచ్చినాడు. చుట్ట చుట్టుకొన్న పామువలె గాలి తిరుగుతుందని ఆయన భావం. నక్షత్రాన్ని నిందించే మాటకూ, గాలి నడకను చూపించే మాటకూ ఎంత వ్యత్యాసమున్నదో గమనించండి. మొదటి మాట విన్న నావికుడు దైవప్రార్థన చేస్తాడు. రెండవ మాట విన్నవాడు ఓడను ఏ దిక్కుకు మళ్ళించవలెనో ఆలోచిస్తాడు.

ఈ మాటలను మన నేల మీద జరిగిన ఒక సంఘటనకు అన్వయించి చూతము. తొండుపల్లికి పొరుగున ఉన్న శంషాబాదు నేడు విమానాశ్రయం వల్ల లోకానికి తెలిసినది. 1908 సెప్టెంబరు చివర అక్కడి వర్షమాపకంలో ఇరవైనాలుగు గంటలలో 12.8 అంగుళాలు, నలభైయెనిమిది గంటలలో 18.9 అంగుళాలు వాన నమోదైనది. 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసినది. సుమారు 15,000 మంది మరణించినారని అంచనా. ఉర్దూలో ఆ వరదను తుగ్యానీ అన్నారు. హద్దు మీరుట అని ఆ మాటకు మూలార్థం. తెలుగులో మనం ప్రళయమంటాము. ఆంగ్లంలో కాటక్లిజం అన్నా అక్షరాలా సరిపోతుంది.

కాని ఆ మరుసటి సంవత్సరం నిజాము ప్రభుత్వం పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి ఈ పెద్ద మాటలు ఉపకరించలేదు. ఆయనకు ఉపకరించినది మన రైతు నోటి చిన్న మాట: గండి. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా వానకు 221 చెరువులు తెగినవి. వానిలో 182 ఈసీ నది వైపువే. ఒక చెరువు తెగిన నీరు క్రింది చెరువు కట్ట మీద పడగా అదీ తెగినది. ప్రళయమన్నప్పుడు చేయగలిగినది లేదు. ఇన్ని గండ్లు అన్నప్పుడు చేయవలసిన పని కనబడుతుంది. ఆ లెక్కల నుండే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగరు, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగరు ఏర్పడినవి.

గండి అన్న మాటకు ఇంకా కాలం చెల్లలేదు. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి శంషాబాదు దారిలో గగన్‌పహాడు వద్ద అప్పచెరువు కట్ట తెగినది. బెంగుళూరు రహదారి కోసుకొనిపోయినది, మనుషులు కొట్టుకొనిపోయినారు. దానిని డిజాస్టర్ అని ఊరకున్నచో నేరం నక్షత్రానిది. గండి అన్నచో కట్ట ఎవరు చూడవలసినది, అలుగు ఎందుకు పారలేదు, శిఖంలో ఇండ్లెట్లు లేచినవి అన్న ప్రశ్నలు వెంటనే పుట్టుకొని వస్తవి.

వార్తలు చెప్పే మావంటివారికి ఇందులో ఒక బాధ్యత ఉన్నది. అల్పపీడనం, వాయుగుండం, తుఫాను అన్న మాటలకు వాతావరణ శాఖ గాలి వేగాన్నిబట్టి మెట్లు ఏర్పరచినది. వాయుగుండాన్నే ప్రళయమని చదివితే, నిజంగా ఉప్పెన వచ్చిననాడు చెప్పడానికి మావద్ద మాట మిగలదు. చెప్పినా వినేవారు మంచం దిగరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది ప్రాణాలు పోయినవి. అంతటి దానికి దాచి ఉంచవలసిన మాటను విందులో చాలని పులుసుకు ఖర్చు చేయవద్దని శ్రోతలకు నా మనవి.