బెదిరించని పాట



1980ల చివర్లో రేడియో ఉగాండాలో ఎయిడ్స్ ప్రకటన వచ్చే ముందు డోలు మోగేది. ఊరికి ఆపద వచ్చినప్పుడు జనాన్ని పోగుచెయ్యడానికి వాయించే డోలు అది. ఆ వెంటనే ఒక గంభీరమైన గొంతు, చావు గురించి హెచ్చరిక. ఆ రోజుల్లో పిల్లలకు ఎయిడ్స్ గురించి చెప్పాలంటే చాలా దేశాలకు తోచిన దారి ఇదే: భయపెట్టడం.

ప్రమాదం చిన్నదేమీ కాదు. విక్టోరియా సరస్సు ఒడ్డున, అప్పటి రకాయ్ జిల్లాలోని కసెన్సెరో అనే జాలర్ల రేవులో 1982లోనే మనుషులు చిక్కి శల్యమై చనిపోతున్నారు. జనం ఆ జబ్బును ‘స్లిమ్’ అన్నారు. చేతబడి అన్నవాళ్లూ ఉన్నారు. 1986లో అధికారానికి వచ్చిన అధ్యక్షుడు ముసెవెని ప్రభుత్వం దాన్ని దాచిపెట్టకుండా మాట్లాడింది. అది మెచ్చుకోవలసిన సంగతే. కానీ హడలిపోయిన కుర్రవాడు పరీక్షకు వెళ్లడు. జబ్బుపడ్డ పక్కింటివాళ్ల గడప తొక్కడు. తనకు అనుమానం వచ్చినా ఎవరితోనూ అనడు. అలాంటి కుర్రవాడి దగ్గరకు వెళ్లడానికి పాటకు కొంత కాలం పట్టింది.

మొదట్లో పాట కూడా మందలింపుగానే వచ్చింది. 1987లో, అప్పటి జైర్ దేశంలో, ఫ్రాంకో లువాంబో ‘అటెన్షన్ నా సిడా’ పాడారు. కాంగో రుంబాకు ఆయన మకుటం లేని మహారాజు. ఫ్రెంచిలోనూ లింగాలాలోనూ సాగే ఆ పొడవాటి పాటలో విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ, వైద్యులకూ విడివిడిగా చెప్పవలసినది చెప్పారు. ఇంటి పెద్ద అందరినీ కూర్చోబెట్టి బుద్ధి చెప్పినట్టు ఉంటుంది. ఆయన మాట వినేవాళ్లు కోట్లలో ఉన్నారు కాబట్టి అది గొప్ప సాహసం. అయినా ఆ గొంతు పైనుంచి పలికిన గొంతే.

పక్కన కూర్చుని మాట్లాడిన గొంతు ఫిలీ బొంగొలె లుటాయాది. కంపాలాలో పుట్టారు. దేశం కల్లోలంలో ఉన్నప్పుడు బయటికి వెళ్లి, 1984లో స్వీడన్ చేరారు. ప్రవాసంలో ఉండి ఆఫ్రికా గురించీ, ఇంటి మీద బెంగ గురించీ పాడిన పాటలతో ఉగాండా యువతకు ప్రాణమైపోయారు. 1989లో ఆయన తిరిగివచ్చి, తనకు ఎయిడ్స్ ఉందని అందరి ముందూ ప్రకటించారు. పేరున్న ఉగాండా మనిషి ఎవరూ అప్పటిదాకా ఆ మాట అనలేదు. చాలామంది నమ్మలేదు. డబ్బు కోసమో, పేరు కోసమో నాటకమాడుతున్నాడన్నారు. ఆయన మాత్రం బడులకూ, కళాశాలలకూ, చర్చిలకూ వెళ్లి పిల్లల ముందు నిలబడ్డారు. ఒళ్లు సన్నగిల్లుతున్నా మాట్లాడారు, పాడారు.

అప్పుడు ఆయన పాడిన పాట పేరు ‘అలోన్’. దాంట్లో కండోమ్ ఊసు లేదు, జాగ్రత్తల జాబితా లేదు. జబ్బుతో ఒంటరిగా మిగిలిపోయిన మనిషి ఇతరుల చెయ్యి అడుగుతాడు. నివారణ చెప్పని పాట నివారణకు ఎలా పనికొచ్చింది? నాకు తోచిన జవాబు ఇది. జబ్బుకు తెలిసిన ముఖం ఒకటి దొరికాక ఇంట్లో దాని గురించి మాట్లాడటం సాధ్యమైంది. మాట మొదలైతేనే కదా జాగ్రత్తల దాకా వెళ్లేది! లుటాయా 1989 డిసెంబరు 15న, 38 ఏళ్ల వయసులో చనిపోయారు. చివరి నెలల ఆయన ప్రయాణాన్ని ‘బోర్న్ ఇన్ ఆఫ్రికా’ అనే డాక్యుమెంటరీలో చూడవచ్చు.

తరువాత ఉగాండా ఊళ్లలో ఆ పని ఆడవాళ్లు అందుకున్నారు. గ్రెగొరీ బార్జ్ అనే అమెరికన్ సంగీత పరిశోధకుడు 2006లో దీనిమీద పుస్తకమే రాశారు. పల్లెల్లో మహిళా బృందాలు పాడతాయి, ఆడతాయి. వాళ్లలో కొందరు తమకు హెచ్‌ఐవీ ఉందని చెప్పి, విన్నవాళ్ల ప్రశ్నలకు జవాబిస్తారు. ఎయిడ్స్ బాధితులకు అండగా నిలిచే టాసో సంస్థ నాటక బృందాలదీ ఇదే పద్ధతి. 1990ల మొదట్లో ఉగాండా పెద్దవాళ్లలో సుమారు 15 శాతంగా అంచనా వేసిన హెచ్‌ఐవీ, 2000ల ఆరంభానికి 6 శాతం దగ్గరకు దిగింది. ఇదంతా పాట చలవే అనడం అన్యాయం. ప్రభుత్వం, మత పెద్దలు, నర్సులు అందరూ పనిచేశారు. జబ్బుతో చనిపోయినవాళ్లు లెక్కలోంచి తప్పుకోవడం కూడా ఆ తగ్గుదలకు ఒక కారణం.

డబ్బు పోసినంత మాత్రాన పాట పనిచెయ్యదని దక్షిణాఫ్రికాలో తేలింది. 1995లో అక్కడి ఆరోగ్య శాఖ ‘సారఫీనా 2’ అనే సంగీత నాటకానికి 1 కోటీ 40 లక్షల రాండ్లకు పైగా ఒప్పందం చేసుకుంది. ఎయిడ్స్ సందేశమే సరిగా లేదని ఎయిడ్స్ కార్యకర్తలు విమర్శించారు. ఖర్చుమీద విచారణ జరిగి, నాటకం ఆగిపోయింది.

జింబాబ్వేలో ఆలివర్ ముటుకుడ్జి 1990ల చివర్లో పాడిన ‘టోడీ’ దీనికి పూర్తిగా భిన్నం. అందులో ఆయన తీర్పు చెప్పరు, ఏం చేద్దామని అడుగుతారు. గాయకుడి ప్రశ్నకు వెనుక వంతపాట బదులు పలుకుతుంది. జనం నాట్యం చేస్తూనే ఆ ప్రశ్నను నోట్లోకి తీసుకున్నారు. ఇన్ని పాటల్లో నా మనసుకు బాగా దగ్గరైనది ఇదే.

2003 నవంబరు 29న కేప్‌టౌన్‌లో నెల్సన్ మండేలా తన ఖైదీ సంఖ్య 46664 పేరిట ఎయిడ్స్‌పై అవగాహన కోసం పెద్ద కచేరీ జరిపించారు. 2005 జనవరిలో ఆయన కొడుకు మక్గాథో చనిపోయినప్పుడు, కారణం ఎయిడ్స్ అని ఆయనే విలేకరులకు చెప్పారు. జబ్బును దాచకుండా మాట్లాడాలన్న మాటను ఇంటి విషాదంలోనూ నిలబెట్టుకున్న మనిషి ఆయన.

మన దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. 2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జబ్బు బాగా ఎక్కువ. ఎయిడ్స్ ప్రచారంలో పెట్టిన పులిరాజా హోర్డింగులు మీకు గుర్తుండే ఉంటాయి. ఊళ్లలో కళాజాతాలు కూడా జరిగాయి. ఇప్పుడు మందులు ఉన్నాయి. క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా ఇతరులకు అది సోకదు. ఈ సంగతి చెప్పే తెలుగు పాటలు ఇంకా రావాలి. రాసే పిల్లలు ఉంటే, ముందుగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి దగ్గర కూర్చుని వినండి. ప్రభుత్వ ఐసీటీసీ (సలహా, పరీక్ష) కేంద్రాల్లో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. సందేహాలుంటే 1097కు ఫోన్ చెయ్యండి, డబ్బు ఖర్చు కాదు.